లోపలినుంచి మాత్రమే తెరుచుకునే తలుపు

1989వ సంవత్సరం ఆగస్టు పదహారవ తేదీ ఉదయం, గణితశాస్త్ర విభాగంలో ఉపన్యాసకురాలిగా చేరడానికి వచ్చిన ఒక యువతికి మన కార్యాలయం అందజేసిన మొట్టమొదటి వస్తువు తాళంచెవి. పై అంతస్తు చివర, లిఫ్టు మోటారు గదికి ఆనుకొని, వేసవిలో కాగిపోయి వానాకాలంలో చెమ్మగిల్లే గది తాళంచెవి అది. ఆమె తాళంచెవి అందుకున్నారు గాని, గది వైపు కదల్లేదు. "ఈ గదికి ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుందండీ?" అని గుమాస్తాగారిని అడిగారు. ఆయన కాస్త తడబడి, "మా దగ్గరొకటి ఉంటుంది, వాచ్‌మన్ దగ్గరొకటి, ఊడ్చేవాళ్ల దగ్గరొకటి" అన్నారు. "అయితే నాది కాదన్నమాట. సరే, కూర్చోవడానికి బాగానే ఉంటుంది" అని ఆమె నవ్వుతూ వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నానికే ఆమెకు "తాళం మేడమ్" అన్న పేరు స్థిరపడింది. ఈ మాసాంతంలో పదవీ విరమణ చేయబోతున్న మన గౌరవనీయ ఆచార్యులవారిని నేటికీ విద్యార్థులు ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

పదవీ విరమణ సంచికలకు ఒక మర్యాద ఉంది. విరమించేవారు నిత్యం చిరునవ్వు చిందించారనీ, అందరితో కలివిడిగా మెలిగారనీ, వివాదాలకు ఆమడ దూరంలో ఉన్నారనీ రాయాలి. సంపాదకవర్గం వారు కూడా ఈ వ్యాసకర్తను "గతంలో జరిగినవేవీ కెలకవద్దు" అని సున్నితంగానే కోరారు. వారి మాట తీసివేయాలన్న ఉద్దేశం లేదు. అయితే మన ఆచార్యులవారి ఉద్యోగ జీవితంలోనుంచి వివాదాన్ని ఏరి పక్కన పెడితే మిగిలేవి చేరిన తేదీ, విరమించే తేదీ మాత్రమే. ఆమె నిత్యం నవ్వలేదు. పెద్దలు చెప్పిన ప్రతిదానికీ తల ఊపలేదు. ఊపని ఆ తలకే ఈ అభినందన.

తొలినాళ్లలో ఆమె అభిమాన విషయం గూఢలిపి శాస్త్రం. ఈనాటి పిల్లల నోట అది క్రిప్టోగ్రఫీ. ఒకరు రాసినది ఎవరికి చేరాలో వారు తప్ప మూడోవారు చదవలేకుండా చేసే గణితం అది. విభాగంలో అప్పట్లో దానికి గౌరవం అంతంత మాత్రమే. "గూఢచారుల విద్య మనకెందుకమ్మా, చక్కగా రేఖాగణితం చెప్పుకోక!" అని అప్పటి విభాగాధిపతి వేళాకోళం చేసేవారట. ఆమె ఆ వేళాకోళాన్ని ఓ చెవిన విని, రెండో చెవిన వదిలి, పెద్ద సంఖ్యల కారణాంకాల మీద డాక్టరేటు పూర్తిచేశారు. ప్రసిద్ధ పత్రికలలో వ్యాసాలు ప్రచురించి రీడరుగా పదోన్నతి పొందారు. అదే బాటలో నల్లేరు మీద బండిలా సాగిపోయేవారే. ఒక ఆసుపత్రి మందుల కౌంటరు ఆమె దారి మళ్లించింది.

జ్వరపడిన కూతురి మందుల కోసం ఆమె ఆనాడు వరుసలో నిలబడ్డారు. అద్దం వెనక కూర్చున్న ఉద్యోగి ఒక స్త్రీ పేరూ, ఆమెకు వచ్చిన జబ్బు పేరూ కలిపి హాలంతా మారుమోగేలా కేక వేశాడు. వరుసలో ముందున్న స్త్రీ, పిలిచింది తనను కాదన్నట్టు అటూ ఇటూ చూసి, మెల్లగా బయటికి నడిచి వెళ్లిపోయింది. మందుల పొట్లం కౌంటరు మీదే ఉండిపోయింది. ఇంటికి వచ్చిన ఆచార్యులవారు భర్తతో, "ఎంత పెద్ద తాళం కనిపెడితే ఏం లాభమండీ, ఆవిడకి అక్కరకు రానప్పుడు?" అన్నారట. ఆ మాట అన్ననాటి నుంచి ఆమె పరిశోధన సామాన్యుల దైనందిన గోప్యత వైపు తిరిగింది, మళ్లీ వెనక్కి చూడలేదు.

ఆ దిశలో ఆమె సాధించిన తొలి విజయంలో గణితం ఇసుమంత కూడా లేదు. కౌంటరు దగ్గర పేరు పిలవడం మాని, చీటీ మీద నంబరు ఇవ్వాలని ఆసుపత్రివారి చుట్టూ తిరిగి తిరిగి ఒప్పించారు. "చీటీ మీద నంబరు వేయడానికి డాక్టరేటు కావాలా?" అని అధ్యాపకుల గదిలో ఒకాయన పకపకా నవ్వారు. "అక్కర్లేదండీ. వేయాలని తోచడానికి కాస్త సిగ్గు తెలిస్తే చాలు" అని ఆమె జవాబిచ్చారు. ఆయన ఆ తరువాత చాలాకాలం ఆమె ఉన్నప్పుడు టీ తాగడానికి రాలేదు. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్న కుటుంబాలలో గుట్టు ఎలా నిలుస్తుందో పరిశీలించి ఆమె రాసిన వ్యాసాన్ని పత్రికలవారు "ఇందులో గణితం చాలదు" అని తిప్పి పంపితే, "చాలినంతే వాడాను" అని ఒక్క వాక్యం రాసి, అక్షరం మార్చకుండా మళ్లీ పంపారు. అదే వ్యాసం ఇవాళ అనేక విశ్వవిద్యాలయాలలో పాఠ్యాంశం.

ఆ పరిశోధన కోసం ఎందరో స్త్రీలు తమ ఇళ్ల సంగతులు ఆమెతో నమ్మి చెప్పుకున్నారు. వాటిని ఆమె కంప్యూటరులో భద్రపరిచి, తాళం వేసి, ఆ తాళపు మాటను మూడు ముక్కలు చేశారు. ఒకటి తన దగ్గర, ఒకటి బ్యాంకు ఉద్యోగి అయిన భర్తగారి దగ్గర, మూడోది అత్తగారి దగ్గర; ఏ రెండు కలిసినా తెరుచుకుంటుంది, ఒక్కదానితో తెరుచుకోదు. "మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు, పోయి పోయి ఆవిడకా చెప్పేది?" అని భర్తగారు తల పట్టుకున్నా ఆమె వినలేదు. తరువాత ఏమైందంటే, ఏటేటా తన ముక్క తాను మార్చుకోవాలన్నది ఆమె పెట్టుకున్న నియమం. ఒక ఏడాది మార్చిన మర్నాడే సదస్సుకు వెళ్లి, తిరిగి వచ్చేసరికి కొత్త మాటను పూర్తిగా మరిచిపోయారు. జాగ్రత్త ఎక్కువైన వారికి తప్ప ఇంకెవరికీ రాని కష్టమిది. భర్తగారి ముక్క చేతికి వచ్చింది గాని, రెండోదానికి ఇక దిక్కు అత్తగారే.

"అత్తయ్యా, ఆ మాటేదో ఒకసారి చెప్పండి."

"చెప్పను. ఎవరడిగినా చెప్పొద్దన్నావు."

"అడిగేది నేనే కదా!"

"నువ్వడిగితే అసలే చెప్పొద్దన్నావు. నీ వెనకాల ఎవరో నిలబడి అడిగిస్తుండొచ్చన్నావు. మర్చిపోయావా?"

ఆచార్యులవారు బతిమాలారు, కోప్పడ్డారు, కూతురిని రాయబారం పంపారు. అత్తగారు ససేమిరా అన్నారు. చివరికి ఆ పెద్దావిడ ఒక షరతు పెట్టారు. కొడుకును బజారుకు పంపించి, తలుపులు వేయించి, మంచం కింద కూడా ఒకసారి తొంగి చూసి, "నేనే కొడతాను, నువ్వు అటు తిరుగు" అని కోడలిని గోడకేసి నిలబెట్టి, ఒంటి వేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ తన ముక్క తానే కొట్టారు. ఆ మాటేమిటో ఆమె పోయేవరకు ఎవరికీ చెప్పలేదు. గోడకేసి నిలబడ్డ ఆ కాసేపట్లోనే ఆచార్యులవారికి తన జీవితంలోకెల్లా ముఖ్యమైన ఊహ తట్టింది: మంచి తాళం, తనను కట్టినవారిని కూడా కాదనగలగాలి. ఆ సిద్ధాంతం మీద వెలువడిన వ్యాసంలో కృతజ్ఞతలు అత్తగారికి చెప్పుకున్నారు. ఆ విదుషీమణి ఏ సంస్థకు చెందినవారని సంపాదకులు అడిగితే, "మా ఇంటికి" అని రాసి పంపారు.

ఆచార్య పదవి లభించిన కొద్దికాలానికి, మన ఆరోగ్య కేంద్రంలోని మానసిక వైద్యురాలు ఆమె గదికి వచ్చారు. "నా దగ్గరికి రావాల్సిన పిల్లలు రావట్లేదు మేడమ్. నా గది ముందు బెంచీ సరిగ్గా క్యాంటీన్‌కి ఎదురుగా ఉంది. దాని మీద కూర్చుంటే చాలు, సాయంత్రానికి హాస్టలంతా గుప్పుమంటోంది" అన్నారు. బెంచీని జరిపితే సరిపోదని ఇద్దరికీ తెలుసు. ఆచార్యులవారు తన పరిశోధక విద్యార్థులను కూర్చోబెట్టుకుని, పిల్లలు తమ ఫోనులోనుంచే వైద్యురాలికి రాసుకునే ఏర్పాటు ఒకటి నిర్మించారు. రాసినది వైద్యురాలు ఒక్కరే చదవగలరు. రాసినదెవరో, ఆ విద్యార్థి తానుగా చెబితే తప్ప, వైద్యురాలికీ తెలియదు. నిర్మించిన మేడమ్‌కీ తెలియదు. దానికి "గుట్టు" అని పేరు పెట్టారు. "రహస్యం అని పెట్టొచ్చుగా?" అని ఎవరో అంటే, "రహస్యం దొంగకీ ఉంటుంది. గుట్టు సంసారికి ఉంటుంది" అన్నారు. ఏటా కొత్త విద్యార్థులు రాగానే వాళ్లను పిలిచి, "దీన్ని పగలగొట్టండి చూద్దాం" అని సవాలు చేసేవారు. ఎవరైనా చిన్న పగులు కనిపెడితే నిండు తరగతిలో లేచి నిలబడి చప్పట్లు కొట్టి, ఆ వారమంతా ఆ పగులు పూడ్చే పనిలో ఉండేవారు. బెంచీ ఖాళీగానే ఉండేది గాని, వైద్యురాలికి తీరిక లేకుండా పోయింది.

మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, యూనిఫాంలోనే ఉన్న ఒక బస్సు డ్రైవరు ఆమె గది గుమ్మంలో నిలబడ్డారు. మొదటి సంవత్సరం చదువుతున్న ఆయన కూతురు కొద్ది రోజులుగా ఫోను ఎత్తడం లేదు, హాస్టల్లో లేదు. డాక్టరమ్మకు ఏదో రాస్తూ ఉండేదని స్నేహితురాలు చెప్పింది. సంచాలకుల కార్యాలయానికి వెళితే, "అది కట్టినావిడ పక్క భవనంలో ఉన్నారు, వెళ్లి ఆవిడనే అడగండి" అని ఆయనను ఇటు తోలారు.

"మీరే కట్టారంటమ్మా. నా కూతురు ఏం రాసిందో ఒక్కసారి తెరిచి చూపించండి చాలు."

"నేను తెరవలేనండీ."

"తెరవలేరా, తెరవరా?"

"రెండూనండీ. నాకు కూడా తెరుచుకోకుండా కట్టింది నేనే. తెరిచే దారి ఉందని తెలిస్తే మీ అమ్మాయి అందులో ఒక్క ముక్క కూడా రాసేది కాదు."

"మీకు పిల్లలున్నారా?"

"ఒక్కతే కూతురండీ."

"అది కనపడకపోయినా ఇదే మాటంటారా?"

ఆచార్యులవారు లేచి ఆయనకు కుర్చీ జరిపారు. తరువాత, "అంటానో లేదో నాకే తెలియదు. అందుకే ఆ పని నా చేతిలో లేకుండా కట్టుకున్నాను" అన్నారు.

ఆ తండ్రి కుర్చీలో కూలబడిపోయారు. ఆమె ఆయనకు మంచినీళ్లిచ్చి, వెంటబెట్టుకుని వైద్యురాలి గదికి తీసుకువెళ్లారు. రాసిన పిల్లలెవరో తెలియకపోయినా, రాస్తున్న వారందరికీ తిరిగి జవాబు రాసే వీలు వైద్యురాలికి ఉంది. తండ్రి చెప్పిన మాటలను ఆమె ఉన్నదున్నట్టుగా అందరికీ పంపారు: "ఇక్కడ ఒక నాన్న కూర్చుని ఉన్నాడు. తిట్టడానికి రాలేదు. ఏమీ అడగడు. బాగున్నానని ఒక్క మాట చెబితే వెళ్లిపోతాడు."

కాసేపటికి ఒక జవాబు వచ్చింది: "మా నాన్నేనా?" వెంటనే ఇంకొకటి: "మా నాన్న వచ్చాడా?" తరువాత వరసగా వస్తూనే ఉన్నాయి. ఎందరో పిల్లలు, ఒకరికొకరు తెలియనివాళ్లు, అందరూ అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. వైద్యురాలు ఒక్కొక్కటీ పైకి చదువుతుంటే ఆ డ్రైవరు తల వంచుకుని, "ఇంతమందా అమ్మా" అని మాత్రం అనగలిగారు. సాయంకాలమవుతుండగా ఒకటి వేరుగా వచ్చింది: "యూనిఫాం ఎడమ జేబు మీద సిరా మరక ఉందా?" ఆయన గబుక్కున జేబు చూసుకున్నారు. ఉందని రాయగానే, "అయితే మా నాన్నే. బాగానే ఉన్నానని చెప్పండి. ఫ్రెండు వాళ్లింట్లో ఉన్నాను. రేపు నేనే ఫోన్ చేస్తాను" అని వచ్చింది. వెళుతూ ఆయన గుమ్మం దగ్గర ఆగారు. "మీ మీద కోపం పోలేదమ్మా నాకు" అన్నారు. "పోనక్కర్లేదండీ" అన్నారు ఆచార్యులవారు. మర్నాడు విభాగంలో ఆమె తన ముందు పెట్టిన టీ ముట్టకుండా పక్కకు జరిపారు. "ఆ పిల్ల దొరక్కపోయుంటే నేనేమైపోయేదాన్నో తెలియదు. అయినా దొంగదారి మాత్రం పెట్టను" అన్నారు.

కన్నతండ్రి ఫిర్యాదు రాయలేదు. కందకు లేని దురద కత్తిపీటకు పుట్టింది. "విద్యార్థుల భద్రత దృష్ట్యా", గుట్టులో ఎవరు రాస్తున్నారో పేర్లతో సహా ఒక సంఘం చూడగలిగేలా మార్చాలని పై నుంచి ఆదేశం వచ్చింది. ఆమె చేయనన్నారు. నెల తిరగకుండా ఆమె ప్రయోగశాలను ప్రవేశాల విభాగానికి కేటాయించారు. విభాగాధిపత్యం ఆమెను దాటుకుని జూనియరుకు వెళ్లింది. ప్రయోగశాల పోయిన మర్నాటి నుంచి సైకిల్ స్టాండు రేకుల కింద, వానజల్లు పడుతుండగా, నల్లబల్ల గోడకు ఆనించి ఆమె పరిశోధక విద్యార్థులకు పాఠం చెప్పారు. పాఠం వినడానికి సైకిళ్ల కోసం వచ్చినవాళ్లు కూడా ఆగిపోయేవారు. శ్రేయోభిలాషులు కొందరు, "ఒక్క మీట పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా మేడమ్, తరువాత ఎవరూ వాడకపోతే సరి" అని హితవు చెప్పారు. "పెట్టాక ఎవరూ నొక్కని మీట మీరెక్కడైనా చూశారా?" అని ఆమె అడిగారు. ఎవరూ చూడలేదు.

ఆమె విరమణ దగ్గరపడిన కొద్దీ అందరి మనసులోనూ ఒక్కటే ప్రశ్న: ఆమె వెళ్లిన మర్నాడు గుట్టు ఏమవుతుంది? గత నెల విద్యామండలి సమావేశంలో సంచాలకులవారు ఆ ప్రశ్నకు తామే జవాబిచ్చారు. సభలో ఉన్నవారంతా విన్నదే కనుక ఇక్కడ రాయడానికి సంకోచం అక్కర్లేదు.

"నెలాఖరుకి మీరు రిటైరవుతున్నారు మేడమ్. ఆ తరువాత దాన్ని మేము మార్చుకుంటాం. కాదనడానికి మీరు ఉండరు" అన్నారాయన.

"మార్చుకోండి సార్" అన్నారు ఆచార్యులవారు. సభ నివ్వెరపోయింది. "అది సంస్థ సొత్తు. మార్చే అధికారం మీది. ఒక్క సంగతి మాత్రం చెప్పి వెళతాను. మార్చిన నిమిషంలో అందులో రాసే ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఫోనులో ఒక మాట కనిపిస్తుంది: 'ఈ తలుపును మార్చారు. ఇక మీ పేరు ఇతరులు చూడగలరు. రాసే ముందు ఆలోచించుకోండి.'"

"ఆ మాట తీసేయించండి."

"తీసేస్తే, తీసేశారన్న మాట వస్తుంది సార్. ఆ పహరా పిల్లల ఫోనుల్లో ఉంది, మన దగ్గర లేదు."

"ఇలా ఎందుకు కట్టారసలు?"

"నేను ఉండని రోజు కోసం."

మొదట నవ్వింది వైద్యురాలు. ఆ నవ్వు బల్ల చుట్టూ పాకింది; రూళ్లకర్రలాంటి మన రిజిస్ట్రారుగారు కూడా కాగితాల చాటున నవ్వు దాచుకోవలసి వచ్చింది. సంచాలకులవారు నవ్వలేదు. ఆమెకు గౌరవ ఆచార్య హోదా, కూర్చోవడానికి గది ఇవ్వాలన్న ప్రతిపాదన ఆ సాయంత్రమే అటకెక్కింది. గుట్టును మార్చే ఉత్తర్వు మాత్రం "పరిశీలనలో ఉంది". దాని మీద నేటికీ సంతకం పడలేదు. పిల్లలకు చెప్పకుండా చేసే పనైతే ఎవరైనా చేసేవారే. చెప్పి చేయడానికి ఎవరికీ చెయ్యి రావడం లేదు.

ఆమె గెలిచారని రాసి ఈ వ్యాసాన్ని ముగిస్తే అందరికీ సుఖంగా ఉంటుంది. ఆమె మాత్రం ఒప్పుకోరు. ఆ సమావేశం నుంచి బయటికి వస్తూ మెట్ల మీద, చుట్టూ మూగి అభినందిస్తున్న సహోద్యోగులను ఆపి, ఆమె కాస్త కఠినంగానే అన్నారు: "చాటుగా చేసేదాన్ని గణితం ఆపుతుంది. రేపు ఎవరో ఒకాయన వచ్చి, పిల్లలకి తెలిస్తే తెలియనీ, పట్టపగలే మారుస్తాననొచ్చు. దాన్ని ఆపే గణితం లేదు. మీరున్నారు."

ఆ మాటకు ఆనాడు ఎవరూ బదులు పలకలేదు. అచ్చులో చెప్పిన మాటను వెనక్కి తీసుకోవడం కష్టం గనుక, బదులు ఇక్కడ ఇస్తున్నాం: ఉన్నాం మేడమ్. గదులు పోతాయని, పదోన్నతులు ఆగుతాయని తెలిసే ఉన్నాం.

ఆచార్యులవారికి ఇకనైనా కంటినిండా నిద్ర పట్టాలి. మెట్లెక్కితే సతాయించే ఆ మోకాళ్లు నెమ్మదించాలి. ఇన్నేళ్లూ ఆమె మొండితనాన్ని భరించిన భర్తగారికి, అదే మొండితనంతో వైద్యవిద్య చదువుతున్న కూతురికి, ఆమె సాన్నిధ్యం దండిగా దక్కాలి. ఆమె నిండు ఆరోగ్యంతో ఎంత సుదీర్ఘకాలం జీవించాలంటే, ఈ సంచిక అట్టలు చిరిగి, ఇందులో ఉన్న మేమంతా ఒకరి తరువాత ఒకరుగా విరమించి, మా కుర్చీల్లో కొత్తవాళ్లు కూర్చున్నాక కూడా, ఏదో ఒక ఉదయం విభాగానికి ఫోన్ చేసి, "ఏమండీ, ఇంకా మూసే ఉందా?" అని అడగగలగాలి. అలా అడిగేంత ఆయుష్షు ఆమెకు, "మూసే ఉంది మేడమ్" అని అబద్ధం ఆడకుండా చెప్పగలిగేంత తెగువ ఆ ఫోను ఎత్తినవారికి కలగాలని మనసారా కోరుకుంటున్నాం.